లావా రాళ్లలో నీళ్లు, నేల మీద మిల్లీవోల్టులు

అలాస్కా నుంచి పడమటికి వరుసగా సాగే అల్యూషియన్ దీవుల్లో అడాక్ ఒకటి. దాని ఉత్తర కొసన అడగ్‌డాక్ అనే పాత అగ్నిపర్వతం ఉంది. 1970లలో భూభౌతిక శాస్త్రవేత్తలు ఆ కొండ మీద నేలలో సహజంగా ఉండే వోల్టేజీని కొలిచారు. ఎత్తుకు పోయేకొద్దీ విలువ రుణ దిశలో పెరుగుతూ పోయి, కింది నేలకూ పై నేలకూ మధ్య తేడా దాదాపు 2,700 మిల్లీవోల్టులకు చేరింది. రెండు టార్చిలైటు బ్యాటరీలను వరుసగా పెడితే వచ్చే వోల్టేజీకి అది కొంచెమే తక్కువ. ఆ తేడాను పుట్టించింది ప్రధానంగా కొండలోకి ఇంకి, రాతి సందుల గుండా కిందికి దిగుతున్న నీరు.

మనిషి ఏ కరెంటూ పంపకుండానే నేలలో దానంతట అది పుట్టే ఈ వోల్టేజీని స్వయం విభవం అంటారు. ఫీల్డులో తిరిగేవాళ్ల నోట అది ‘ఎస్పీ’. దీనికి మూలాలు చాలా ఉన్నాయి. సల్ఫైడు ఖనిజాలు భూమిలో మెల్లగా ఆక్సీకరణం చెందే చోట ఒక రకం పుడుతుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాగి గనుల్లో రాబర్ట్ వేర్ ఫాక్స్ 1830లో వెల్లడించింది దీన్నే. ఫ్రెంచి శాస్త్రవేత్త కోన్రాడ్ ష్లుంబర్జే 1913లో సెర్బియాలోని బోర్ దగ్గర ఖనిజం జాడ తీసిందీ దీని సాయంతోనే. వేడిలో తేడాలు, నీటి ఉప్పదనంలో తేడాలు కూడా తమ వంతు కలుపుతాయి. అయితే అగ్నిపర్వత ప్రాంతాల్లో వీటన్నిటి కంటే పెద్ద వాటా నీటి కదలికదే.

ఆ మాట తేలిగ్గా ఒప్పుదల కాలేదు. అగ్నిపర్వతం అనగానే మనసు వేడి వైపు పోతుంది. శాస్త్రవేత్తలకూ చాలాకాలం అదే జరిగింది. కొండ మీది విద్యుత్ సంకేతాన్ని లోపలి శిలాద్రవం చిరునామాగా చదివారు. చల్లని వాననీటి దారిని ముందు లెక్కగట్టనిదే వేడి సంగతి తేలదని గుర్తించడానికి ఏళ్లు పట్టింది.

రాయి, నీరు, ఆవేశం

సిలికా, సిలికేటు ఖనిజాలు మామూలు నీటిలో మునిగినప్పుడు వాటి ఉపరితలానికి రుణావేశం వస్తుంది. నీటిలో కరిగి ఉన్న సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు ఆ గోడ వైపు చేరతాయి. గోడకు అంటుకున్నవి అక్కడే ఉండిపోతాయి. ఆ వరుసకు ఇవతల, మిల్లీమీటరులో లక్షల వంతు దూరంలో ఉన్నవి మాత్రం నీరు కదిలితే దానితో పాటు పోతాయి. నీరు చేరే వైపు ధనావేశం పోగవుతుంది, నీరు బయలుదేరిన వైపు రుణం మిగులుతుంది. ఈ తేడాను సరిదిద్దడానికి రాయిలోంచి, రాతిలోని తేమలోంచి ఎదురు కరెంటు నడుస్తుంది. నేల మీద ఎలక్ట్రోడులు పట్టుకునేది ఆ ఎదురు కరెంటు వల్ల ఏర్పడే విభవ భేదాన్ని.

ప్రయోగశాలలో ఇది 200 ఏళ్ల నాటి సంగతి. మాస్కోలో ఫెర్డినాండ్ రాయిస్ తడి బంకమట్టిలోకి కరెంటు పంపితే నీరు కదలడం చూశాడు. ఆ పరిశోధన 1809లో అచ్చయింది. జర్మన్ శాస్త్రవేత్త గేయోర్గ్ క్వింకే 1859లో అదే బంధాన్ని అవతలి కొస నుంచి పట్టుకున్నాడు. సన్నని రంధ్రాలున్న పలక గుండా ఒత్తిడితో నీటిని తోస్తే రెండు వైపులా వోల్టేజీ తేడా పుట్టింది. 1879లో భౌతిక శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీనికి సిద్ధాంతం కట్టాడు. 1903లో పోలండుకు చెందిన మరియన్ స్మొలుచోవ్‌స్కీ దాన్ని సూత్రంగా స్థిరపరిచాడు. ఇప్పటికీ లెక్కలు ఆ సూత్రం నుంచే మొదలవుతాయి.

సూత్రం చెప్పేది సూటిగా ఉంటుంది. గోడ దగ్గరి ఆవేశపు బలాన్ని తెలిపే విలువను జీటా విభవం అంటారు. అది పెరిగితే పుట్టే వోల్టేజీ పెరుగుతుంది. నీటి చిక్కదనం, నీటి విద్యుద్వాహకత పెరిగితే తగ్గుతుంది. జీటా విభవం 20 మిల్లీవోల్టులు అనుకుని లెక్కవేస్తే, లవణాలు బాగా తక్కువగా ఉన్న మంచినీటిలో (మీటరుకు 0.01 సీమెన్స్ వాహకత) ఒక మీటరు నీటి ఎత్తు తేడాకు 14 మిల్లీవోల్టుల దాకా వస్తుంది. వాహకత 10 రెట్లయితే అది 1.4 మిల్లీవోల్టులకు పడిపోతుంది. సముద్రపు నీటిలో లెక్కకు రానంత చిన్నదవుతుంది. కాబట్టి తాజా వాననీరు, పెద్ద ఎత్తు, నీటిని ఆపకుండా వదిలే రాయి, ఈ మూడూ ఒకచోట కలిస్తే సంకేతం వోల్టుల్లోకి వెళుతుంది. ఆ మూడూ కలిసే చోటు అగ్నిపర్వతం.

వేడితో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రాళ్లలో ఉష్ణోగ్రత తేడా వల్ల నేరుగా పుట్టే వోల్టేజీ సగటున డిగ్రీ సెల్సియస్‌కు పావు మిల్లీవోల్టు. 300 డిగ్రీల తేడా ఉన్నా 100 మిల్లీవోల్టులు దాటడం కష్టం. కొండ మీద వెయ్యి, రెండు వేల మిల్లీవోల్టులు కనిపించినప్పుడు వేడి ఒక్కటే దానికి కారణమని చెప్పడం కుదరదు.

ఏరు లేని కొండలు

జపానులోని ఫుజి ఎత్తు 3,776 మీటర్లు. దాని మీద మంచు, వాన దండిగా పడతాయి. అయినా ఆ వాలుల మీద ఏడాది పొడవునా పారే ఏరు దాదాపు కనిపించదు. పడ్డ నీరు పడ్డట్టే లావా పొరల నెర్రెల్లోకి, బూడిద పొరల్లోకి దిగిపోతుంది. మళ్లీ అది పైకొచ్చేది కొండ అడుగున. ఆగ్నేయ దిక్కున ఫుజి నుంచి ఒకప్పుడు పారిన మిషిమా లావా అంచులో కాకితగావా అనే ఊట ఉంది. రోజుకు దాదాపు 10 లక్షల ఘనపు మీటర్ల చల్లని నీరు నేలలోంచి ఉబికి అక్కడే నది అవుతుంది. శిఖరానికీ ఆ ఊటకూ మధ్య నీరు నడిచిన దారి కంటికి కనపడదు. ఎస్పీ పటాల అవసరం అక్కడ పుడుతుంది.

హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం ఇంకో కొస. 2007 ఫిబ్రవరిలో గామెడె తుపాను వచ్చినప్పుడు పిటాన్ ద లా ఫూర్నేజ్ అగ్నిపర్వత ప్రాంతంలోని కొమెర్సన్ బిలం దగ్గర 72 గంటల్లో 3,929 మిల్లీమీటర్ల వాన కురిసింది. హైదరాబాదులో నాలుగైదేళ్లకు కలిపి కురిసే వాన అది. అంత నీటిని తాగిన బసాల్టు కొండ విద్యుత్తు పరంగా ఊరుకోదు. ఆ కొండ మధ్య శంకువు మీద చుట్టుపక్కల నేలతో పోలిస్తే వోల్టును మించిన ధన విభవాన్ని ఫ్రెంచి బృందాలు పటం గీశాయి.

కిలావేయా: వేడి నుంచి నీటికి

ఈ శాస్త్రం ఎలా మలుపు తిరిగిందో హవాయిలోని కిలావేయా చరిత్రలో కనిపిస్తుంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త చార్లెస్ జాబ్లోకీ 1970ల మొదట్లో ఆ అగ్నిపర్వతం మీద ఎలక్ట్రోడులతో తిరిగాడు. శిఖర ప్రాంతంలోనూ, తూర్పున చీలిక మండలం వెంటా వేడి ఉన్న చోట్ల ధన విభవం ఎగసి కనిపించింది. కొన్ని చోట్ల తేడా 1,000 మిల్లీవోల్టులకు పైనే. 1976లో అచ్చయిన ఆయన పత్రం అగ్నిపర్వతం లోపలి వేడిని ఇంత తక్కువ ఖర్చుతో పటం గీయవచ్చని చూపి, భూతాప శక్తి కోసం వెదికేవాళ్లలో ఉత్సాహం నింపింది. అదే ఏడు హవాయిలోని పూనా ప్రాంతంలో తవ్విన హెచ్‌జీపీ-ఏ బోరు అడుగున ఉష్ణోగ్రత 350 డిగ్రీలు దాటింది.

కానీ కిలావేయా పటంలో వేడితో పొసగని భాగం చాలా ఉంది. వేడి చోట్లకు దూరంగా, ఏ పొగా ఏ ఆవిరీ లేని వాలుల మీద కూడా విభవం వందల మిల్లీవోల్టులు మారుతోంది. 1987లో డల్లాస్ జాక్సన్, జిమ్ కౌవాహికౌవా కొండ మొత్తాన్ని ఒకే చూపులో చదివారు. నేల ఉపరితలం నుంచి భూగర్భ జలమట్టం దాకా ఉన్న పొడి మండలం ఎంత మందంగా ఉంటే విభవం అంత రుణంగా ఉంటుందన్నది వాళ్ల వాదన. వాననీరు ఆ మందం పొడవునా కిందికి దిగుతూ ధనావేశాన్ని వెంట తీసుకుపోతుంది. పైన రుణం మిగులుతుంది. ఎక్కువ దూరం దిగితే ఎక్కువ రుణం. విభవం ఒక్కసారిగా పెరిగిన చోట నీటిమట్టం పైకి వచ్చి ఉండాలి.

కిలావేయాలో నీరు కొన్ని చోట్ల అంత ఎత్తున ఎందుకు నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు చీలిక మండలాల్లో ఉంది. శిలాద్రవం పైకి వస్తూ నెర్రెల్లోనే గట్టిపడితే నిలువు గోడల్లాంటి డైకులు ఏర్పడతాయి. డైకులోని రాయి గట్టి రాయి, నీటిని వదలదు. పక్కపక్కన వందల డైకులు నిలబడితే కొండ లోపల గదులు గదులుగా నీరు ఆగిపోతుంది. చుట్టూ ఉన్న లావా పొరల్లో జలమట్టం సముద్రమట్టానికి దగ్గరగా పడి ఉన్నా, డైకుల మధ్య అది వందల మీటర్ల ఎత్తున ఉంటుంది.

శిఖరం దగ్గర దీనికి నేరుగా సాక్ష్యం ఒకటే ఉండేది. 1973లో హలెమౌమౌ బిలానికి దక్షిణంగా 1,262 మీటర్ల లోతుకు పరిశోధన బోరు తవ్వారు. నీరు ఉపరితలానికి దాదాపు 490 మీటర్ల కింద, అంటే సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన తగిలింది. లావా కుతకుతలాడే బిలానికి అంత దగ్గరలో అంత నీరు!

2018లో ఆ నీటిని చూసే అవకాశం వచ్చింది. ఆ ఏడాది శిలాద్రవం శిఖరం కింద నుంచి తూర్పు చీలికలోకి జారిపోయి, కింది ప్రాంతంలో వందల ఇళ్లను తుడిచిపెట్టింది. ఆసరా పోయిన హలెమౌమౌ నేల 500 మీటర్లకు పైగా కూలింది. బిలం అడుగు చుట్టుపక్కల జలమట్టం కంటే కిందికి పోయింది. 2019 జులై చివర్లో ఆ గుంట అడుగున చిన్న మడుగు కనిపించింది, ఆగస్టు మొదట్లో అది నీరేనని నిర్ధారించారు. రాతి గోడల్లోంచి నీరు ఊరుతూనే ఉంది. తొలుత ఆకుపచ్చగా ఉన్న మడుగు తర్వాత గోధుమ రంగుకు తిరిగింది, పొగలు కక్కే వేడితో సరస్సు అయింది. 2020 డిసెంబరు నాటికి లోతు 50 మీటర్లు. డిసెంబరు 20 రాత్రి బిలం గోడలోంచి లావా బయటపడి ఆ సరస్సులోకి దూకింది. కొద్ది గంటల్లోనే అంత నీరూ ఆవిరై, ఆ స్థానంలో లావా సరస్సు నిలిచింది.

కిలావేయాలో నీటి లెక్క ప్రాణాల లెక్క కూడా. నెమ్మదిగా లావా పారించే కొండగా దానికి పేరున్నా, 1924 మేలో అది రెండు వారాలకు పైగా పేలుతూ బండరాళ్లు విసిరింది. ఒకరు చనిపోయారు. కిందికి దిగిపోతున్న లావా నాళంలోకి భూగర్భ జలం చొరబడి ఆవిరై పేలిందన్నది చాలాకాలంగా ఉన్న వివరణ. కొండ లోపల నీరు ఎక్కడ, ఎంత ఎత్తున నిలిచి ఉందో తెలిపే పటం విలువ దీన్నిబట్టి ఊహించవచ్చు.

డబ్ల్యూ ఆకారం

ఒక అగ్నిపర్వతాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటుతూ విభవాన్ని గీస్తే చాలాసార్లు ఇంగ్లిషు అక్షరం డబ్ల్యూ లాంటి గీత వస్తుంది. పాదం దగ్గర సున్నాకు దగ్గరగా మొదలై, వాలు ఎక్కేకొద్దీ రుణంలోకి దిగి, శిఖరం దగ్గర పడగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. అవతలి వాలు మీద అదే గీత తిరగబడుతుంది. వాలుల మీది పల్లాలు దిగే వాననీటివి. నడిమి మిట్ట, మామూలుగా చెప్పే ప్రకారం, లోపలి వేడికి మరిగి పైకెక్కే వేడినీటిది, ఆవిరిది. నీరు పైకి కదిలితే ధనావేశం పైకి వస్తుంది మరి.

జపాను శాస్త్రవేత్త త్సునెయో ఇషిదో 2004లో ఈ వివరణకు ఒక ముఖ్యమైన సవరణ చేశాడు. నడిమి మిట్ట రావడానికి వేడినీరు పైకి ఉబకనవసరం లేదని ఆయన నమూనా లెక్కలు చూపాయి. వాననీరు కిందికి మోసుకెళ్లిన ధనావేశం లోతున ఉంటుంది. శిఖరం కింద వేడివల్ల మారిపోయి, బంకమట్టిగా తయారై, కరెంటును బాగా మోసే రాతి స్తంభం ఒకటి పైనుంచి లోతు దాకా ఉంటే, అది తీగలా పనిచేసి లోతున ఉన్న అధిక విభవాన్ని శిఖరానికి తెస్తుంది. చుట్టూ వాలులు రుణంలో ఉండగా శిఖరం ఒక్కటే మిట్టలా కనిపిస్తుంది.

ఈ సవరణ ప్రభావం చాలా దూరం పోయింది. కోకి ఐజావా ఫుజి మీద కొలతలు తీసుకుని 2004లో ప్రచురించిన పటంలో, 1707 తర్వాత బద్దలు కాని ఆ కొండ శిఖరం చుట్టూ పెద్ద ధన విభవం కనిపించింది. దాన్ని కేవలం వేడినీటి ఉబుకుగా చదవాలా, వాహక స్తంభంగా చదవాలా అన్నది పటం చూసి చెప్పే విషయం కాదు. రాతి నిరోధకతను విడిగా కొలవాలి. లాఘవంగా చేసే సర్వే కదా అని ఎస్పీ ఒక్కదాని మీదే తీర్పు చెప్పడం తప్పన్న అభిప్రాయం అప్పటి నుంచి బలంగా నాటుకుంది.

ఇలా కొలిచిన కొండల జాబితా పెద్దదే. 1991లో ప్రాణాంతకమైన వేడి బూడిద ప్రవాహాలు పుట్టించిన జపానులోని ఉన్‌జెన్ మీద, అమెరికాలోని మౌంట్ సెయింట్ హెలెన్స్ మీద, ఇండోనేషియాలోని మెరపి మీద, నికరాగువాలోని మసాయా మీద ఇలాంటి సర్వేలు జరిగాయి. ప్రతిచోటా గీత కొంచెం తేడాతో వస్తుంది. కొన్ని చోట్ల డబ్ల్యూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, కొన్ని చోట్ల అసలు ఉండదు.

మైలుతుత్తం, తీగ, ఒక గుంట

కొలిచే సరంజామా ఇంత పెద్ద కొండల ముందు చాలా చిన్నది. ఇనుప మేకు నేలలో గుచ్చి వోల్ట్‌మీటరు పెడితే, మేకుకూ తేమకూ మధ్య రసాయన చర్యే వందల మిల్లీవోల్టులు చూపి నేల సంకేతాన్ని మింగేస్తుంది. అందుకే అడుగున సన్నని రంధ్రాలున్న పింగాణీ పాత్రలో మైలుతుత్తం ద్రావణం పోసి, అందులో రాగి కడ్డీ ముంచుతారు. పాత్ర అడుగున కరగని నీలి పలుకులు కొన్ని ఎప్పుడూ ఉండాలి, అప్పుడే ద్రావణం నిండు గాఢతలో నిలుస్తుంది. ద్రావణం పింగాణీలోంచి చెమర్చి మట్టిని తాకుతుంది, లోహం మట్టిని తాకదు. నెలల తరబడి నేలలో ఉంచాల్సి వస్తే సీసం, సీసపు క్లోరైడుతో చేసిన ఎలక్ట్రోడులు వాడతారు. వీటిని మెరుగుపరచడంలో ఫ్రాన్సుకు చెందిన జెరార్ పెతియో పేరు చెప్పుకోవాలి.

పొద్దున్నే రెండు పాత్రలనూ ఒకే గుంటలో పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించకూడదు. ఒకటి ఆధారం దగ్గర పాతి, దానికి కట్టిన సన్నని తీగ చుట్టను విప్పుకుంటూ రెండోదానితో బయలుదేరతారు. ప్రతి ఆగుదల దగ్గర జానెడు గుంట తీసి, తేమ మట్టి తగిలాక పాత్రను నొక్కి కూర్చోబెట్టి, అంకె నిలకడకు వచ్చేదాకా ఆగి రాసుకుంటారు. మీటరు లోపలి నిరోధం చాలా ఎక్కువ ఉండాలి, లేకపోతే మీటరే కరెంటు లాగి విలువను తగ్గించి చూపుతుంది. మట్టి పొడిగా ఉందని గుంటలో నీళ్లు పోస్తే అవి ఇంకుతూ తమ సొంత వోల్టేజీ పుట్టిస్తాయి. కొత్త లావా మీద అసలు మట్టే ఉండదు. అక్కడ నెర్రెలో తడి బంకమట్టి ముద్ద పెట్టి దాని మీద పాత్ర ఆనిస్తారు.

తీగ అయిపోయిన చోట కొత్త ఆధారం పెట్టుకుని ముందుకు పోతారు. చిన్న చిన్న తప్పులు ఇలా కూడుతూ వస్తాయి. అందుకే దారిని చుట్టూ తిప్పి మొదటి చోటికే తెచ్చి ముగిస్తారు. తిరిగి వచ్చాక మొత్తం సున్నా కావాలి, కాకపోతే మిగిలిన తేడాను దారి పొడవునా పంచుతారు. ద్వీపాల్లో సముద్రపు నీటినే సున్నాగా తీసుకోవడం ఆనవాయితీ.

మనిషి పెట్టే అడ్డంకులు వేరే. నేలలో పాతిన ఇనుప పైపు, బోరు ఇనుప కేసింగు తుప్పు పడుతూ వందల మిల్లీవోల్టుల రుణ గుంటను సృష్టించగలవు. డీసీ కరెంటుతో నడిచే రైలు మార్గాలు మరీ ఇబ్బంది.

తాగునీటి వెదుకులాట

ప్రపంచానికి సీసా నీళ్ల పేరుగా తెలిసిన వోల్విక్ ఫ్రాన్సులోని ఓవెర్న్ అగ్నిపర్వత ప్రాంతంలోని ఊరు. అక్కడ లావా ప్రవాహాలు పాత లోయల్లోకి పారి వాటిని పూడ్చేశాయి. పైన చూస్తే లావా మైదానం, కింద పాత ఏటి దారులు అలాగే ఉన్నాయి. భూగర్భ జలం ఇప్పటికీ ఆ దారుల్లోనే నడుస్తుంది. ఆ ప్రాంతంలో మోరిస్ ఒబేర్ ఎస్పీని నీటి శాస్త్రానికి పనిముట్టుగా మలిచాడు. కొండ ఎత్తునూ, కొలిచిన విభవాన్నీ, మీటరుకు ఇన్ని మిల్లీవోల్టులు అనే స్థానిక నిష్పత్తినీ కలిపి, పొడి మండలం అడుగు ఎంత లోతున ఉందో గీసే పద్ధతి ఆయనది. యెనే అటంగానాతో కలిసి 1996లో దాన్ని ప్రచురించాడు. రీయూనియన్‌లోనూ ఇదే ఆలోచనను విద్యుదయస్కాంత సర్వేలతో కలిపి నీటి కోసం వాడారు.

ఈ పద్ధతి బలహీనత ఆ నిష్పత్తిలోనే ఉంది. ఒకే కొండ మీద రాయి మారితే నిష్పత్తి మారుతుంది. ఒక పొరకు సరిపోయినది పక్క పొరకు పెడితే లోతు తప్పుతుంది. దగ్గర్లో ఒక బోరైనా ఉండి, దాని నీటిమట్టంతో సరిచూసుకుంటేనే దీన్ని నమ్మాలి. ఎంత నీరు ఉందో కూడా ఇది చెప్పదు, నీరు ఎటు కదులుతుందో మాత్రమే చెబుతుంది.

తెలుగు నేల మీదా లావా రాళ్లు ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ బసాల్టులు ఆదిలాబాద్, నిర్మల్ వైపు, వికారాబాద్, నారాయణఖేడ్ వైపు తెలంగాణలోకి వస్తాయి. గోదావరికి తూర్పున కాతేరు దగ్గర, పడమట పంగిడి, దుద్దుకూరు దగ్గర ఆ కాలపు బసాల్టే బయటపడుతుంది. కానీ ఇక్కడి పరిస్థితి హవాయికి దూరం. పొరలు బల్లపరుపుగా ఉంటాయి, ఎత్తుల తేడా తక్కువ, జలమట్టం చాలా చోట్ల లోతు తక్కువ. పైన ఉన్న నల్లరేగడి కరెంటును బాగా మోసి సంకేతాన్ని పలచబరుస్తుంది. నీరు దొరికేది పొర పైభాగంలోని బుడగల రాతిలో, నెర్రెల్లో. అందువల్ల దక్కన్ బసాల్టుల్లో నీటి జాడకు నిరోధకత సర్వేలదే పైచేయి. 1961లో స్థాపించిన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఆ సర్వేలు చేస్తోంది.

అయితే నీరు గట్టిగా కదిలే చోట్ల ఎస్పీ మన పరిస్థితుల్లోనూ పనికొస్తుంది. మోటారు వేసి బోరులోంచి నీరు తోడుతున్నప్పుడు చుట్టూ నీరు బోరు వైపు పరుగెడుతుంది కాబట్టి అక్కడ విభవం ధనంగా మారుతుంది. సోవియట్ శాస్త్రవేత్తలు బొగొస్లోవ్‌స్కీ, ఒగిల్వీ 1973లోనే బావుల దగ్గరా కాలువల దగ్గరా ఈ మార్పులను చూపారు. మట్టికట్టలోంచి నీరు కారే చోట జలాశయం వైపు రుణం, బయటపడే వైపు ధనం కనిపిస్తాయి. రాజస్థాన్‌లోని సోమ్-కమలా-అంబా ప్రాజెక్టు కట్టలో ఇలా నీరు కారే దారులను ఎస్పీ, నిరోధకత రెంటితో పట్టిన వివరం 2001లో అచ్చయింది.

కాలంతో మారే సంకేతం

పటం ఒక రోజు చిత్రం. అదే చోట ఎలక్ట్రోడులను ఏళ్ల తరబడి ఉంచితే ఇంకో విషయం తెలుస్తుంది. వాన పడితే సంకేతం కదులుతుంది. మెరపి శిఖరం దగ్గర 2000-2001 వర్షాకాలంలో తీసిన రికార్డులను వానతో పక్కన పెట్టి చదవకపోతే, కొండ మేలుకుంటోందని పొరబడే అవకాశం ఉండేది. అగ్నిపర్వతాన్ని కనిపెట్టి చూసేవాళ్లకు ఎస్పీ స్టేషను పక్కన వర్షమాపకం తప్పనిసరి.

జపానులోని మియాకేజిమా అరుదైన అవకాశం ఇచ్చింది. 1940, 1962, 1983లలో దాదాపు 20 ఏళ్లకోసారి బద్దలవుతూ వచ్చిన ఈ ద్వీపం మీద యోయిచి ససాయ్, ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ జ్లోత్‌నికీ తదితరులు 1990లలోనే విద్యుత్, అయస్కాంత కొలతలు మొదలుపెట్టారు. 2000 జూన్ చివర్లో కొండ కదిలింది. జులై 8న శిఖరం కూలింది. తర్వాతి వారాల్లో నేల ఉన్నట్టుండి ఒక పక్కకు వాలే సంఘటనలు రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చాయి, ఆ ప్రతి సంఘటనతో పాటు నేలలో వోల్టేజీ కూడా ఎగసిపడింది. లోపల ఒత్తిడి పెరిగి నీటిని బయటికి నెట్టినప్పుడు ఇలా అవుతుందని ఆ బృందం వివరించింది. ఆ సెప్టెంబరులో ద్వీప వాసులందరినీ తరలించారు, 2005 ఫిబ్రవరి దాకా వాళ్లు తిరిగి రాలేదు.

శిలాద్రవం పైకి రాకుండా, లోపలి నీరు ఆవిరై పేలే విస్ఫోటనాలు అన్నిటికంటే మోసకారివి. 2014 సెప్టెంబరు 27న జపానులోని ఒన్‌తాకే మీద శరదృతువు అందాలు చూడటానికి వెళ్లినవాళ్లలో 63 మంది మరణించారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. భూకంప మాపకాలు ఇచ్చిన గడువు నిమిషాలే. నీటి కదలికను నేరుగా వినిపించే పద్ధతి ఎస్పీ కనుక, ఇలాంటి కొండల మీద దాన్ని నిరంతరం నడపాలన్న వాదనకు బలముంది. ఫిలిప్పీన్స్‌లోని తాల్ సరస్సు అగ్నిపర్వతం మీద జ్లోత్‌నికీ బృందం స్థానిక సంస్థతో కలిసి 2005 నుంచి ఆ పని చేసింది.

గుర్తు తిరగబడితే

ఇప్పటిదాకా చెప్పిందంతా రాతి ఉపరితలం రుణంగా ఉంటుందన్న ఆధారం మీద నిలబడింది. నీరు ఆమ్లంగా మారితే, లేదా ఖనిజాలు మారితే, ఆ ఆధారం కదులుతుంది. అగ్నిపర్వత వాయువులు కలిసిన నీరు తరచుగా ఆమ్లమే. జపానులోని ఆసో నుంచి తెచ్చిన శిలల మీద హిదేయాకి హాసే, ఇషిదో తదితరులు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్నింటి జీటా విభవం ధనంగా తేలింది. అలాంటి రాయిలో నీరు కిందికి దిగితే పైన రుణం బదులు ధనం మిగులుతుంది. పటంలోని మిట్ట అప్పుడు ఉబికే వేడినీటిది కాదు, దిగుతున్న చల్లని నీటిది. నీరు మరిగే చోట ఇంకో చిక్కు. 2001లో మాల్కమ్ జాన్‌స్టన్ బృందం ప్రయోగశాలలో వేడి రాయిలోకి నీరు పంపి, నీరు ఆవిరయ్యే సమయంలోనే విభవం పుడుతుందని చూపింది.

అందుకే ఇప్పుడు ఎస్పీ ఒంటరిగా బయలుదేరదు. మధ్యధరా సముద్రంలోని స్ట్రాంబోలి మీద ఆంథోనీ ఫినిజోలా బృందం ఒకే దారి వెంట విభవం, మట్టిలోని కార్బన్ డయాక్సైడు, నేల ఉష్ణోగ్రత, రాతి నిరోధకత కొలిచింది. కార్బన్ డయాక్సైడు, వేడి, ధన విభవం మూడూ కలిసి ఎగసిన చోట పాత బిలాల అంచుల పగుళ్లు బయటపడ్డాయి, వేడి ద్రవాలు పైకి వచ్చే దారులు అవే. విభవం ఎగసినా మిగతా రెండూ కదలని చోట్లను వేడి ఖాతాలో వేయరు. అక్కడ నిరోధకత పటం తెరిచి, లోపలి జలమట్టాన్నీ వాహక పొరలనూ వెదుకుతారు.